ఆరు యాభై బండికి అర టికెట్

గురువారం ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలకు, ఆరు యాభై ప్యాసింజరు మూడో పెట్టెలో, యాభై ఏడేళ్ల స్త్రీ దగ్గర పిల్లల అర టికెట్ దొరికింది.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పదకొండేళ్లుగా అదే బండి, అదే పెట్టె. టీసీ టికెట్ అందుకుని ఒకసారి దానివైపు, ఒకసారి ఆమెవైపు చూశాడు.

"ఇదెవరిదమ్మా?"

"నాదే."

"పిల్లలెవరైనా ఉన్నారా మీతో?"

"లేరు. ఏం?"

"ఇది అర టికెట్. పన్నెండేళ్లలోపు వాళ్లది."

ఎదురుగా కూరగాయల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాయన అందుకున్నాడు. "నోరు తెరిపించి చూడండి సార్, పాలపళ్లు ఇంకా ఊడలేదేమో."

పెట్టెలో సగం మంది నవ్వారు. తలుపు దగ్గర్నుంచి ఇంకెవరో "పాపకి కిటికీ పక్కన చోటివ్వండయ్యా, ఏడుస్తుంది" అన్నారు. మిగతా సగం కూడా నవ్వారు.

ఆమె సంచిలోంచి ఐదు వందలు తీసి జరిమానా కట్టింది. టీసీ రసీదు రాస్తూ, "రోజూ ఈ బండేనా?" అని అడిగాడు.

"రోజూ ఇదే."

"రోజూ ఇలాగే కొంటున్నారా?"

"రోజూ ఎలా కొంటానో అలాగే కొన్నాను."

టీసీ తన పుస్తకంలో 'రోజూ ఇలాగే కొంటున్నట్టు ఒప్పుకుంది' అని రాసుకున్నాడు. రసీదు నంబరు 4417.

ఆమె బండెక్కే స్టేషనులో బుకింగ్ కౌంటరు ఎనిమిది నెలల కిందట మూసేశారు. దాని స్థానంలో రెండు టికెట్ మిషన్లు పెట్టారు. ఇరవై రెండేళ్లు ఆ కౌంటరులో కూర్చున్న గుమాస్తాకి నీలం కోటు ఒకటి ఇచ్చి, మిషన్ల పక్కన నిలబడమన్నారు. కోటు వెనక 'నన్ను అడగండి' అని ఉంటుంది. ఆ గుమాస్తా ఆమె మరిది. అన్న పోయి ఆరేళ్లయింది. వదిన, మరిది, అతని భార్య, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు.

మిషన్లు వచ్చిన మొదటి రోజు వదిన అతని దగ్గరికి వచ్చి, "ఒకసారి చూపించు చిన్నా, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను" అంది. మూడుసార్లు నొక్కాలి. ఎడమవైపు మూడో గడి ఆసుపత్రి స్టేషను. తర్వాత వచ్చే రెండు గడుల్లో పైది పెద్దల టికెట్, కిందిది పిల్లలది. చివర ఆకుపచ్చ గడి. ఇరవై నోటు పెడితే టికెట్ వచ్చేది, చిల్లర ఉండేది కాదు.

రెండో రోజు అతను సాయానికి వెళ్తే ఆమె గొంతు తగ్గించి, "నువ్వు నా పక్కన నిలబడకు. చేయి పట్టుకుని దిద్దిస్తున్నట్టుంటుంది. నలుగురూ చూస్తారు" అంది. అప్పట్నుంచి ఆమె వచ్చే వేళకి అతను ప్లాట్‌ఫారం చివర కుళాయి దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. ఆరు నలభై నుంచి ఆరు యాభై వరకు. నెలవారీ పాసు తీసుకోమని రెండుసార్లు చెప్పాడు. పాసుకి ఫారం నింపాలి. "సెలవు రోజుల డబ్బు దండగ" అని ఆమె తీసుకోలేదు.

ఆ సోమవారం నుంచి ఛార్జీలు మారాయి. ఏడు గంటలలోపు బయలుదేరే బండ్లకి తగ్గింపు ఇస్తున్నట్టు వారం ముందునుంచీ మైకులో చెబుతున్నారు. ఇరవై ఉన్న టికెట్ పద్దెనిమిదైంది. అదే రోజు మిషను తెర కూడా మారింది. తక్కువ ధర టికెట్లు కంటికి ఆనడం లేదని ప్రయాణికులు ఫిర్యాదు చేయడంతో, ధర తక్కువున్నవి పైన ఉండాలని ఉత్తర్వు వచ్చింది. పిల్లల గడి పైకెక్కింది. పెద్దల గడి కిందికి దిగింది. ఈ మార్పు గురించి మిషను మీద నోటీసు అంటించారు.

సోమవారం ఇరవై నోటుకి పదకొండు చిల్లర వచ్చింది. వదిన దాన్ని తగ్గింపు అనుకుంది. మంగళ, బుధ, గురువారాల్లోనూ అదే అనుకుంది.

శుక్రవారం టీ కొట్టు దగ్గర టీసీ ఈ కథ మరిదికి చెప్పాడు. పేరు చెప్పలేదు. "మనవళ్లుండే వయసు. అర టికెట్ మీద దర్జాగా కూర్చుంది. పైగా ఏం అని నన్నే అడుగుతుంది."

"ఇంకో నాలుగు రోజులు ఆగితే ఉయ్యాల కూడా అడిగేది" అన్నాడు మరిది.

ఇద్దరూ నవ్వారు. టీ ఒలికి నీలం కోటు మీద పడింది. టీసీ తన రుమాలు ఇచ్చాడు. తర్వాత సంచిలోంచి ఒక ఫారం తీశాడు. ఆఫీసులో మిషను లెక్కలు తీయించారట. నాలుగు రోజులూ ఆరు నలభై ఆరుకి, మొదటి మిషను నుంచే, ఆసుపత్రి స్టేషనుకి అర టికెట్ ఒకటి తెగింది. ఆ బండికి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు చాలామంది, మరిదికి వదిన తట్టలేదు.

ఫారంలో ప్రశ్నలు రెండు. మార్పు గురించి నోటీసు అంటించారా? టికెట్ కొన్న సమయంలో సహాయకుడు మిషను దగ్గర ఉన్నాడా? మరిది రెండింటికీ 'అవును' అని రాసి సంతకం పెట్టాడు. ఫారం పైన రసీదు నంబరు మాత్రమే ఉంది.

మంగళవారం సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి వదిన మంచం అంచున కూర్చుని ఉంది. చేతిలో విప్పిన కాగితం.

"ఏంటది వదినా?"

"ఆసుపత్రి వాళ్లది. జీతం కాగితం."

కాగితం పైన నీలం గీత, దాని కింద రైలు గుర్తు గుమ్మంలోంచే కనిపించాయి. అతను దగ్గరికి వెళ్లాడు. రెండో వరసలో 4417 అని ఉంది.

"చదివావా?"

"చదవకుండా ఉంటానా?"

"ఏమని ఉంది?"

"ఎప్పుడూ ఉండేదే. ఏముంటుంది?"

"వదినా, అది రైల్వే వాళ్లది. గురువారం పదకొండున్నరకి విచారణకి రమ్మన్నారు."

ఆమె కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. "కళ్లజోడు లేక సరిగ్గా కనపళ్లేదు" అంది. కళ్లజోడు ఆమె ముఖానే ఉంది. ఆ సంగతి ఆమెకీ గుర్తొచ్చింది. తీసి పక్కన పెట్టింది.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. తల్లికి కళ్లు కనపడేవి కావు. అతని చదువు వదినే చూసింది. రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, వరస కింద వేలు పెట్టి గట్టిగా చదవమనేది. ఎక్కడైనా తప్పితే ఆపేది. ఒక్క మాట మింగినా పట్టుకునేది. ఎనిమిదో తరగతి చదివిన పిల్ల అని సంబంధం మాట్లాడినప్పుడు చెప్పారు. ఎవరూ అనుమానించలేదు.

"మరి నా తప్పులు ఎలా పట్టుకునేదానివి?" అని అడిగాడు.

"కొత్త పాఠం రోజు పట్టుకునేదాన్ని కాదు. మర్నాటి నుంచి పట్టుకునేదాన్ని. నువ్వు చదివింది నాకు గుర్తుండేది."

"అన్నయ్యకి తెలుసా?"

"పెళ్లైన నాలుగో రోజు చెప్పాను. అమ్మ చెవిన పడనీకు అన్నాడు. ఆయనా ఎవరికీ చెప్పలేదు."

అతను కాగితంలో ఉన్నదంతా చెప్పాడు. పొరపాటని తేలితే ఐదు వందలు తిరిగి ఇస్తారు. కావాలని చేసిందని తేలితే నాలుగు రోజులకీ జరిమానా వేస్తారు, పనిచేసే చోటికి ఉత్తరం రాస్తారు. ఆసుపత్రిలో ఆమె కాంట్రాక్టు వచ్చే నెల ఒకటో తారీఖున తిరిగి రాయాలి.

"చదవడం రాదని ఒక్క మాట చెబితే చాలు వదినా. అక్కడితో అయిపోతుంది."

"ఎక్కడితో అయిపోతుంది? లాండ్రీలో నా కింద నలుగురు పిల్లలున్నారు. నీ పెళ్లాం ఉంది. దొంగ అంటే నాలుగు రోజులంటారు, ఊరుకుంటారు. ఇదైతే ఇన్నేళ్లూ మమ్మల్ని వెర్రివాళ్లని చేసిందంటారు."

"నేను చెప్తాలే."

"చెప్పావో, ఈ ఇంట్లో మెతుకు ముట్టను."

వంటింట్లోంచి భార్య "ఏంటి గొడవ?" అని అడిగింది. "ఏం లేదు, జీతం కాగితం" అన్నాడు మరిది. ఫారం మీద తను సంతకం పెట్టిన సంగతి గాని, టీ కొట్టు దగ్గర అన్న మాట గాని అతను ఆ రోజు వదినకి చెప్పలేదు. బుధవారం కూడా చెప్పలేదు.

గురువారం విచారణ జరిగిన గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ గడియారం ఉన్నాయి. విచారణ అధికారి లేచి వదినకి కుర్చీ చూపించాడు. టీసీ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మరిదిని చూసి, "నువ్వేంటి ఇక్కడ? నిన్ను పిలవలేదుగా" అన్నాడు.

"మా వదిన."

టీసీ ఆ తర్వాత తన పుస్తకంలోకే చూస్తూ కూర్చున్నాడు.

అధికారి ఫారం పైకి చదివాడు. నోటీసు అంటించారు. సహాయకుడు మిషను దగ్గరే ఉన్నాడు. కింద సహాయకుడి సంతకం. అది ఎవరిదో కూడా చదివాడు. వదిన మరిదివైపు తిరిగి చూసింది. 

"సార్, నేను అక్కడ లేను" అన్నాడు మరిది.

"సంతకం మీదేగా?"

"నాదే. లేకుండానే ఉన్నానని రాశాను. రోజూ ఆ టైముకి కుళాయి దగ్గరుంటాను."

"నీళ్లకా?"

"కాదు సార్."

"మరెందుకు?"

మరిది వదినవైపు చూశాడు. అధికారి ఒక కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "సరే, అది మీ సంగతి. దానికి వేరే కాగితం వస్తుంది. ఇప్పుడు ఈవిడ సంగతి. అమ్మా, తెర మీద 'పిల్లలు' అని ఇంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నాలుగు రోజులు మీ కంటికి కనపడలేదంటే రాయడానికి నాకే సిగ్గుగా ఉంటుంది. తప్పుగా అనుకోకండి, అడగాలి కాబట్టి అడుగుతున్నాను. మీకు చదవడం వచ్చా?"

"వచ్చు" అంది వదిన.

మరిది కుర్చీ ముందుకు జరిపాడు. "సార్..."

"చిన్నా, కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టు. గొంతు ఎండిపోతోంది" అంది వదిన.

అతను లేచి వెళ్లాడు. నీళ్ల డ్రమ్ము వరండా చివర ఉంది. గ్లాసు కడిగాడు, మళ్లీ కడిగాడు. తిరిగి వచ్చేసరికి అధికారి రాసిన వాంగ్మూలం వదిన చేతిలో ఉంది. చదివి సంతకం పెట్టమని అధికారి చెప్పాడు. గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగి ఇంకో సగం పోయేవరకు ఆమె కాగితాన్ని చూసింది. కళ్లు ఎడమ నుంచి కుడికి వెళ్తున్నాయి, మళ్లీ ఎడమకి వస్తున్నాయి. తర్వాత సంతకం పెట్టింది. మరిది నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆమె తాగలేదు.

బయట మెట్ల మీద ఆమె తన కాపీ అతని చేతికిచ్చి, "ఏం రాశాడో చదువు" అంది.

అతను వరస కింద వేలు పెట్టి చదివాడు. పేరు, వయసు, పని, బండి, తేదీలు.

"ఆగు. నీ వేలు ఒక వరస దాటేసింది."

అతను వెనక్కి వెళ్లి ఆ వరస చదివాడు. 'తెర మీద ఉన్నది చదివి, తెలిసే, తక్కువ ధర టికెట్ తీసుకున్నాను.'

"ఇంకా?"

"అంతే."

"ఆ ఫారం మీద ఎందుకు పెట్టావురా సంతకం?"

"నువ్వని తెలీదు వదినా."

"వేరే ఎవరో అయితే పెట్టొచ్చా?"

అతను కాగితం మడిచి ఇచ్చాడు. వీధి చివరికి వెళ్లేదాకా ఆమె ముందు నడిచింది. అతను పది అడుగుల వెనక నడిచాడు.

ఉత్తర్వు శుక్రవారం వచ్చింది. మిగిలిన మూడు రోజులకి పదిహేను వందలు జరిమానా. సహాయకుడికి ఒక ఏడాది జీతం పెంపు ఆపేశారు. ఆసుపత్రికి ఉత్తరం సోమవారం చేరింది. ఒకటో తారీఖున కాంట్రాక్టుల జాబితాలో ఆమె పేరు లేదు. లాండ్రీలో పిల్లలు నలుగురూ ఆదివారం ఇంటికి వచ్చి వెళ్లారు. వాళ్లలో ఒకమ్మాయి వెళ్తూ వెళ్తూ, "తొమ్మిదికి కక్కుర్తి పడ్డావేంటి పెద్దమ్మా, మమ్మల్ని అడిగితే ఇచ్చేవాళ్లం కదా" అంది. వదిన నవ్వింది. మరిది అక్కడే ఉన్నాడు.

నెల తర్వాత ఆమెకి ఊరి అవతల ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని దొరికింది. అక్కడికి రైల్లో ఇరవై ఐదు నిమిషాలు. ఆమె బస్సులో వెళ్తుంది. గంటా పది నిమిషాలు పడుతుంది. పొద్దున్నే ఐదుంపావుకి ఇంట్లోంచి బయలుదేరుతుంది. బస్సులో ఎక్కడికని కండక్టరు అడుగుతాడు, నోటితో చెబితే టికెట్ కొట్టి ఇస్తాడు.