సోమన్న నేర్చిన మాటలు

సాగర్ కాలువ నీళ్లొచ్చిన రెండో ఏడు వేములపల్లి గొర్రెలకు జలగ రోగం పట్టుకుంది. అంతవరకు మెట్ట గడ్డి మేసిన జీవాలు తడి పొలాల గట్ల మీద మేసేసరికి కడుపులో జలగలు చేరాయి. అయినా నాంచారమ్మకు దిగులు లేదు. ఆమె కొడుకు సోమన్న మిర్యాలగూడ పశువుల దవాఖానలో అటెండరు. పైగా ఇంగ్లీషు నేర్చినవాడు.

నేర్చాడంటే, అదో వైనం. అక్కడి డాక్టరు నాగేశ్వర్ రావుది కోదాడ. రోజుకు ఐదు మాటలు చెప్పి, పలికించి, అర్థం అడిగేవాడు. సోమన్న వాటిని తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకొని, సైకిలు తొక్కుతూ వల్లె వేసేవాడు. ఫీవర్ అంటే జ్వరం, లివర్ అంటే కార్జం. మూడు వందల మాటలు దాటాయి. పలికితే డాక్టరే మెచ్చుకునేవాడు. ఇంగ్లీషు అక్షరాల జోలికి మాత్రం పోలేదు మహానుభావుడు. కాంపౌండరు పోస్టు వచ్చేనాటికి చూద్దాంలే అనుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం పొద్దున రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి తాగించేది, ఇంకొకటి నీళ్లలో కలిపి పిడుదులు పోవడానికి ఒళ్లు కడిగేది. డాక్టరు ఏది ఏదో చెప్పే ఇచ్చాడు. బస్సు కుదుపులకు సంచిలో రెండూ తారుమారయ్యాయి. ఒకే రంగు, ఒకే ఎత్తు.

గొర్రెలకు మందు పోయడంలో నాంచారమ్మ హస్తవాసి మంచిదని ఊరంతా నమ్మకం. వెదురు గొట్టం కడిగి పెట్టుకొని, చుట్టూ కాపరులు చూస్తుండగా కొడుకును అడిగింది.

"ఏది పొయ్యాలె కొడకా? జర సదివి చెప్పు."

పక్కింటి గోపయ్య మెడ సాచాడు. "సూడుండ్రి, మనోడు దొర లెక్క సదువుతడు."

సోమన్న రెండు సీసాలూ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంతమందిలో రాదంటే పరువేం కావాలి? ఎర్ర అక్షరాలున్నదే గట్టి మందు అయి ఉంటుందనుకున్నాడు. ఆ సీసా కళ్ల దగ్గర పెట్టుకొని నాలుగు ఇంగ్లీషు మాటలు పలికాడు. "ఇదే," అన్నాడు. వెంటనే బస్సెక్కి డ్యూటీకి పోయాడు.

తెల్లారేసరికి దొడ్లో ఉన్న పదకొండు గొర్రెలూ కాళ్లు తన్నుకొని చచ్చాయి. కబురంది పరుగున వచ్చిన సోమన్నకు, గొట్టాన్ని విరిచి పొయ్యిలో పెడుతూ తల్లి కనిపించింది.

"నా చెయ్యే పాడైంది బిడ్డా. ఎక్కువ పోసిన్నేమో. ఇగ ఏ జీవాన్నీ ముట్ట."

ఊరూ అదే అంది. ముసలిదానికి చూపు ఆనలేదని గోపయ్య నొచ్చుకుంటూనే అన్నాడు. నిజం చెబితే సోమన్న ఊళ్లో తల ఎత్తుకోలేడు. చెప్పకపోతే నలభై ఏళ్లుగా తల్లి చేతికున్న పేరు పోతుంది. ఛీ, కన్నకొడుకై ఉండి నోరు మెదపలేదు.

సోమవారం ఖాళీ సీసా డాక్టరు బల్ల మీద పెట్టాడు. ఆయన చూసి లేచి నిలబడ్డాడు.

"ఇది తాగించారా? ఎర్రగా పాయిజన్ అని రాసుంది కదయ్యా. పాయిజన్ అంటే ఏంటో నీకు చెప్పాను కదా?"

"విషం సార్," అన్నాడు సోమన్న.

ఆ మాట నోటుబుక్కు రెండో పేజీలోనే ఉంది. వంద సార్లు వల్లె వేసిందే. అది అచ్చులో ఎలా ఉంటుందో ఆ పూటే మొదటిసారి తెలిసింది.

సాయంత్రం ఇంటికి వచ్చాడు. ఖాళీ దొడ్డి ముందు తల్లి కూర్చుని ఉంది. ఆదివారం నుంచి అన్నం ముట్టలేదు.

"నీ తప్పు లేదమ్మా. ఆ సీసా నేను సదవలే. నాకు ఇంగ్లీషు అక్షరాలే రావు."

నాంచారమ్మ చాలాసేపు తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత కొడుకును చూసింది.

"గన్ని మాటలు నేర్సినవ్ గద బిడ్డా. నాకు రాదు అనే మాట నేర్వకపోతివా?"

సోమన్న గోపయ్య ఇంటి వైపు నడిచాడు. ఆ మాట అక్కడ కూడా చెప్పాలి.