తాళ్లతో కట్టిన ఇల్లు

తుపాకుల కొట్టువాడు లూరీన్‌ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, చేతిసంచిలో పట్టే గులాబీరంగు పిస్తోలు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. లూరీన్ దాన్ని ఒంటివేలితో వాడివైపే నెట్టేసి, గోడకున్న పొడుగాటి పంపు తుపాకి, ముందు పిడి వెనక్కి లాగి తూటా ఎక్కించేది, దించమంది. బడి వంటశాలలో యాభై పౌండ్ల బంగాళాదుంప బస్తాలు పొద్దున్నే నాలుగేసి మోసే మనిషి ఆమె. పొట్టిదే కాని పసిపిల్ల కాదు.

ఇంటికి తెచ్చి భుజానికి ఆనించుకుంటే వెనక చెక్క ఒకటిన్నర అంగుళం ఎక్కువైంది. మగవాళ్ల చేతులు కొలిచి చేసిన వస్తువు మరి! లూరీన్ దాన్ని వంటింటి బల్లకి బిగించి, రంపం పెట్టి ఆ ఒకటిన్నర అంగుళమూ కోసిపారేసింది. చివర రబ్బరు మెత్త మళ్లీ తగిలించి, గొట్టం కింద చిన్న టార్చిలైటు బిగించింది.

"కొత్త సామాను కోసి కూచున్నావేమే? రేపు అమ్ముదామన్నా ఎవడూ కొనడు," అంది ఓర్ఫా, చిక్కుడుగింజల కుండ కలుపుతూ.

"అమ్మడానికి కొన్లేదు అత్తమ్మా."

ఓర్ఫా ఆమె అత్తగారు. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆవిడ కొడుకు రాయిస్‌తో లూరీన్‌కి విడాకులై రెండేళ్లయింది. అత్తాకోడళ్లకి మాత్రం కాలేదు. కెంటకీ కొండల సందులో ఆ ఇల్లు ఓర్ఫాది. ఆవిడ కొడుకుని గెంటేసి కోడలిని ఉంచుకుంది. చర్చిలో ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకుంటే, వేసుకోనీ, ముక్కులు వాళ్లవే కదా అంది.

ఈ ఏడాదిలో రాయిస్ రెండుసార్లు తాగొచ్చి తలుపు విరగ్గొట్టాడు. రెండోసారి అడ్డమొచ్చిన తల్లిని కూడా తోసేశాడు. తుంటి విరిగి, ఆవిడకి నడవడానికి నాలుగుకాళ్ల ఊతం వచ్చింది. వాడు ఆ గడప దరిదాపులకి రాకూడదని కోర్టు కాగితమైతే ఇచ్చింది. షెరీఫ్ బండి ఆ కొండ ఎక్కి రావాలంటే ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా కాగితం అడ్డం పెట్టుకుని నిలబడమని చెప్పేవాళ్లు ఒక్కసారి వచ్చి నిలబడి చూస్తే బాగుండును.

లూరీన్ అన్న ఎస్టిల్‌ది ఒకటే పాట. ఇద్దరూ సామాను సర్దుకుని పట్నంలో తన ఇంటికి వచ్చెయ్యాలి. ఆదివారం చర్చి అవగానే ఖాళీ ట్రక్కు వేసుకుని మరీ వచ్చాడు. వాళ్లు కదిలిన మర్నాడే రాయిస్ ఆ ఇంట్లో కాపురం పెడతాడని ముగ్గురికీ తెలుసు. దానికోసమే వాడు కొండ దిగువన పిన్నికొడుకు ఇంట్లో మకాం వేసి కాచుకున్నాడు.

"సరేనే, ఆ తుపాకితో ఏం చెయ్యగలవో చూపించు," అన్నాడు ఎస్టిల్. "నాకు నమ్మకం కుదిరితే ట్రక్కు ఖాళీగా పోతుంది. లేదంటే పొద్దుగూకేలోపు మంచాలు ట్రక్కెక్కిస్తాం. మాటంటే మాటే."

"మాటే," అంది లూరీన్. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు కాని, మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆమె ముందే అన్నీ సిద్ధం చేసి ఉంచింది. ఇంటి వెనక ఒకప్పుడు పొగాకు వేసిన మడి ఉంది. దాని వెనక నిటారుగా మట్టికొండ. గడ్డిమోపులు కట్టే తాడూ మేకులూ తీసుకుని, ఇల్లంతా గజం గజం కొలిచి ఆ మడిలో పరిచేసింది. ఈ చివర తన గది, ఆ చివర అత్తగారి గది, మధ్యన నడవా. రాయిస్ రెండుసార్లూ వచ్చిపడింది నడవాలోకే. తన గుమ్మానికి ఏడు గజాల్లో మనిషంత అట్ట నిలబెట్టింది. అత్తగారి గది గోడ ఉన్నచోట, అసలు గోడకున్నలాంటివే పల్చటి జిప్సం పలకలు రెండు, వాటి వెనక మంచం ఉన్నచోట పాత దిండు ఒకటి పెట్టింది.

ఎస్టిల్ నవ్వాడు. "ఇంత తతంగం ఎందుకే? పంపు లాగిన చప్పుడు వింటే చాలు, ఎంతటివాడైనా లాగు తడుపుకుని పరిగెడతాడు."

"చప్పుడుకి పరిగెత్తేవాడైతే, తలుపు విరిగిన చప్పుడుకే పరిగెత్తేవాడు."

"పోనీ, గురి కూడా అక్కర్లేదు. దీని గుండ్లు వాకిలంత మేర చిమ్ముతాయి. ఇటియ్యి." తుపాకి అందుకుని, నడుం దగ్గరే పట్టుకుని పేల్చాడు. కొండ మీద మట్టి లేచింది. అట్ట మాత్రం నిక్షేపంగా ఉంది, భుజం అంచున చిన్న చిరుగు తప్ప.

కుర్చీలో కూర్చున్న ఓర్ఫా కళ్లజోడు సర్దుకుని చూసింది. "చొక్కా చిరిగింది నాయనా. ఇంటికెళ్లి కుట్టించుకుంటాడు."

లూరీన్ తుపాకి తీసుకుంది. కోసిన చెక్క భుజంలో ఇమిడింది, చెంప దాని మీద ఆనింది. పేల్చింది. అట్ట గుండెలో పిడికిలి పట్టేంత కన్నం పడింది, అంతకంటే వెడల్పు లేదు. లూరీన్‌కి మనసులో గంతెయ్యాలనిపించింది.

ఆ సంతోషం అట్టదాకా నడిచేవరకే. పలకలు రెండూ తూట్లు పడ్డాయి. వాటి వెనక దిండు చినిగి, ఈకలు తాడు మీద, గడ్డి మీద పడి ఉన్నాయి. రేపు ఇలాగే నడవాలోకి పేలిస్తే, ఎవరికోసం తుపాకి పట్టిందో ఆ మనిషే మంచంలో చచ్చిపోతుంది.

"చూశావా?" ఎస్టిల్ గొంతు ఈసారి మెత్తగానే ఉంది. "ట్రక్కు వెనక్కి తిప్పనా?"

"తిప్పకు." లూరీన్ మేకులు పీకడం మొదలుపెట్టింది. "అత్తమ్మ మంచం నా గదిలోకొస్తుంది. ఎవడొచ్చినా మేం నడవాలోకి పోం. తలుపు గడియ వేసుకుని, షెరీఫ్‌కి ఫోన్ చేసి, కిటికీ మూల కూచుంటాం. ఆ మూలనుంచి గుమ్మంవైపు పేలిస్తే వెనకుండేది పొగగూటి రాతిగోడ. తలుపు విరిచి లోపలికొస్తేనే పేల్చేది."

"యాభై ఏళ్లు పడుకున్న గది నాది," అంది ఓర్ఫా. "ఈ వయసులో నీ గురక కూడా వినాలా?"

"మీ గురక నేను నడవా ఇవతలనుంచే వింటున్నాను అత్తమ్మా."

కొత్త లెక్క ప్రకారం తాళ్లు మళ్లీ కట్టారు. ఓర్ఫాని కుర్చీతో సహా తాళ్ల గదిలో లూరీన్ వెనక కూర్చోబెట్టారు. గుమ్మంలో కొత్త అట్ట నిలిచింది. అప్పుడు ఎస్టిల్ అడగకూడని మాట అడిగేశాడు.

"పెద్దమ్మా, అక్కడికి వచ్చేది అట్ట కాదు, మీ రాయిస్. మీ కడుపున పుట్టినవాడు. లూరీన్ గురిపెడితే మీరు దీని చెయ్యి పట్టుకోరని ఏమిటి నమ్మకం?"

లూరీన్ వెనక్కి తిరగలేదు. రెండు నెలలుగా, తుపాకి కొనాలనుకున్నప్పటినుంచీ, ఆ ప్రశ్న ఆమె గొంతులోనే ఉంది. అడిగితే ఈ ఒక్క మనిషి కూడా తనకి లేకుండా పోతుందేమోనని భయం.

ఓర్ఫా ఊతం మీద బరువేసి లేచి నిలబడింది.

"చెయ్యి పట్టుకోను. వాడిని పిలుస్తాను. తల్లిని, అంతవరకు నాకు హక్కుంది. నేను పిలిచేదాకా నువ్వు పేల్చకూడదు లూరీన్."

"ఎన్నిసార్లు పిలుస్తారు?"

"ఒక్కసారే. రెండోసారి పిలిచానంటే నీ వేలు ఆగిపోతుంది. నీ వేలు ఆగితే వాడు ఆగడు." ఆవిడ ఎస్టిల్ వైపు తిరిగింది. "అదీ అలవాటు చేసుకోవాలి కదా. నువ్వు పక్కకి జరుగు."

ఆవిడ నోరు తెరిచింది. "రాయిస్..." అన్న మాట పెదవి దాటి సగంలోనే విరిగిపోయింది. ఎస్టిల్ తల దించుకున్నాడు. ఓర్ఫా అతన్ని కాని, కోడలిని కాని చూడలేదు. అట్టనే చూస్తూ గుండెనిండా గాలి పీల్చుకుంది.

"రాయిస్! నేనురా, మీ అమ్మని! వెనక్కి తిరిగి పో! ఈ గడప నీది కాదు!"

ఆ కేక కొండకి తగిలి దిగువకి దిగింది. పిన్నికొడుకు ఇంటి కుక్కలు మొరిగాయి. వింటే విననీ అన్నట్టు ఓర్ఫా గడ్డం పైకెత్తింది.

లూరీన్ పేల్చింది. అట్ట వెల్లకిలా పడింది. పక్కకి చూస్తే అత్తగారు కళ్లు మూసుకోలేదు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి, తుడుచుకోనూ లేదు.

ఎస్టిల్ జేబులోంచి ట్రక్కు తాళం తీసి, చూసి, మళ్లీ జేబులోనే వేసుకున్నాడు. "ఇక చాలు పెద్దమ్మా. నాకు నమ్మకం కుదిరింది."

"నాకింకా కుదర్లేదు," అంది ఓర్ఫా. "మొదటిసారి గొంతు రాలేదు. అట్ట నిలబెట్టు నాయనా, మళ్లీ పిలుస్తాను."