పొద్దున ప్లేస్కూల్, మధ్యాహ్నం క్రెష్

ఈ దేశంలో చిన్నపిల్లల బడికి ప్రభుత్వం ఫీజు కట్టేది రోజుకు మూడు గంటలకే. అవి ప్లేస్కూల్లో మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. వృద్ధాశ్రమంలో మార్తా డ్యూటీ సాయంత్రం దాకా ఉంటుంది. అందుకే భర్త శామ్ మధ్యాహ్నం కూతురు ఫెబిని స్వోర్డ్స్ ఊళ్లో, సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో దింపుతాడు. కరోనా కాలం కదా, రెండుచోట్ల తిరిగే పిల్లలంటే ఎవరైనా జడుస్తారు.

"ప్లేస్కూల్ సంగతి క్రెష్‌లో చెప్పకమ్మా, పాపను వద్దంటారు," అని చర్చిలో రోజీ ఆంటీ చెవిన వేసింది. మార్తా చెప్పలేదు. నాలుగేళ్ల ఫెబికీ చెప్పొద్దని నేర్పింది.

ఆ మధ్యాహ్నం ప్లేస్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. ఫెబి పక్కన కూర్చునే పాపకు పాజిటివ్ అట. ఫెబి అప్పటికే క్రెష్‌లో ఉంది. మార్తా ఫోన్ పెట్టేసింది. చెబితే క్రెష్ పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది. కానీ పొద్దున ఆశ్రమంలో తాను స్పూనుతో గంజి తాగించిన ముసలావిడ ముఖం కళ్లముందు మెదిలింది. క్రెష్‌కి ఫోన్ చేసి, ఉన్నదంతా చెప్పేసింది.

మేనేజరు ఓర్లా కేకలు వేయలేదు. ఫోన్ పట్టుకునే పిల్లల గదిలోకి వెళ్లింది.

"పొద్దున ఇంకో స్కూలుకి వెళ్లొచ్చినవాళ్లు చేతులెత్తండి," అనడం మార్తాకు వినిపించింది.

తర్వాత ఒకటి, రెండు అని లెక్కపెట్టడం కూడా వినిపించింది.

"మార్తా," అంది ఓర్లా చివరికి, గొంతు తగ్గించి. "సగం మంది ఎత్తారు. మీ పాప మాత్రం ఎత్తలేదు."