వెనక్కి నడిచే మనిషి

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక నేర్చుకున్న రాత. ఈ కాస్త కథకే నెల రోజులు పట్టింది.

బడిలో మధ్యాహ్న భోజనం వండే నీలవేణి గిన్నెలు తోమగానే ఇంటికి పోతుంది. ఆ వారం మాత్రం పోలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు నౌపడ ఉప్పుమళ్ల గురించి మట్టిబొమ్మలతో సినిమా తీస్తున్నారు. బొమ్మను గింజంత జరిపి సెల్‌ఫోన్‌తో ఫొటో తీయడం, మళ్లీ జరపడం. ఆ ఫొటోలన్నీ గబగబా తిప్పితే బొమ్మ నడుస్తుందట.

ఉప్పు లాగే చెక్క పట్టుకున్న కూలీబొమ్మను విశాలి అనే పిల్ల ముందుకు నడిపిస్తోంది.

"ఓలమ్మ! అదేటే? ఉప్పు తొక్కుకుంటూ పోతాడేటి? లాక్కుంటూ యెనక్కి నడవాల" అంది నీలవేణి.

"దానికేటి మామ్మా, ఫొటోలు తిరగేసి ఏసేస్తాం."

ఉపేంద్ర మాస్టారు అలాగే వేసి చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నీలవేణికి మాత్రం మనసొప్పలేదు. వెనక్కి నడిచేవాడికి వీపున కళ్లుండవు. కాలివేళ్లు ముందుగా నేలను తడుముతాయి, ఆ తరవాతే బరువు పడుతుంది. ఆమె పెనిమిటి గంగులు ఇరవై రెండేళ్లు అలాగే నడిచాడు. అతను లాగుతూ వెనక్కి పోతుంటే, ఎదురుగా ఆమె ఉప్పు గంపకెత్తేది. గంగులు పోయి ఏడేళ్లు. ఆధార్ కార్డు మీద ముఖం ఉంది గాని, నడక ఎక్కడా లేదు.

"మాస్టారూ, నాకొక్కపాలి ఇయ్యండి."

"సేయి వణక్కూడదు మామ్మా" అంది విశాలి.

"వణికితే నీ పప్పులో ఉప్పు ఏనాడో ఎక్కువయ్యేది. జరుగే!"

రెండు మధ్యాహ్నాలు, నూట నలభై ఫొటోలు. మట్టి ఎండి బొమ్మ మోకాలు పగిలితే తడివేలితో అతికించింది.

శనివారం గోడ మీద సినిమా వేశారు. గంగులు నడిచాడు. పన్నెండు సెకన్లు, ముఖం ఆమెవైపే పెట్టి, వేళ్లతో తడుముకుంటూ, వెనక్కి వెనక్కి పోయాడు. తరవాత గోడ మీద తెల్లటి మడి ఒక్కటే మిగిలింది.

"మళ్లీ ఎయ్యమంటావా మామ్మా?"

"ఎయ్యి."

మూడోసారికి పిల్లలంతా ఆటకి పోయారు. నీలవేణి గోడకెదురుగా కూర్చునే ఉంది.

— బమ్మిడి జగ్గమ్మ, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది టెక్కలిలో.