డిఫాల్టర్ల వరుస

శామీర్‌పేటలోని ఆ ప్రైవేటు బడిలో ఆలస్యంగా వచ్చినవాళ్లనూ, బెల్టు పెట్టుకోనివాళ్లనూ ప్రార్థన అయ్యాక పక్కన నిలబెడతారు. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్సు కొలువు చేసి వచ్చిన పీఈటీ సారు వాళ్లకు పెట్టిన పేరు డిఫాల్టర్లు. తొమ్మిదో తరగతి పూజ తనను ఆ వరుసలోకి రమ్మంటే, ఇంకెవరినో పిలిచారనుకుంది. టైముకే వచ్చింది, బెల్టు ఉంది, బూట్లు తళతళలాడుతున్నాయి.

"ఫీజు కట్టనోళ్లు గూడ డిఫాల్టర్లే" అన్నాడు సారు.

మధ్యాహ్నం పూజ జాస్మిన్ టీచర్ దగ్గరికి వెళ్లింది. ఇంగ్లిషులో ఏ మాట తెలియకున్నా ఆమెనే అడగడం పూజకు అలవాటు. బెల్టు మరిచినవాళ్లకూ, బాకీ పడ్డవాళ్లకూ ఒకే పేరెందుకని అడిగింది. టీచర్ తింటున్న టిఫిన్ డబ్బాకు మూత పెట్టి, ఓపిగ్గా చెప్పింది. ఒకప్పుడు కోర్టు పిలిచినా రానివాణ్ని అలా అనేవారట. తర్వాత పటాలంలో రూలు తప్పిన సిపాయినీ, అప్పు తీర్చనివాణ్నీ అన్నారట.

"పాత ఫ్రెంచిలో లోపం అని అర్థం. ఇంకా ఎనకకు పోతే లాటిన్ మాట ఒకటుంది. మోసం చేసుడు అని."

"మేమేం మోసం జేసినం టీచర్?"

జాస్మిన్ పూజ తల నిమిరింది. దీపావళి దాకా గడువిస్తానని ప్రిన్సిపల్ మేడం పూజ తండ్రికి మాటిచ్చినప్పుడు తాను ఆ గదిలోనే ఉన్నానంది. రేపు ఆయన్ను తీసుకురమ్మని, తానే మాట్లాడతానని ధైర్యం చెప్పింది.

పూజ తండ్రి ఎల్లేష్ మేడ్చల్ రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. మర్నాడు పొద్దుటి బేరం వదులుకుని వచ్చాడు. ప్రిన్సిపల్ పద్మలత అంతా విని, తాను గడువేమీ ఇవ్వలేదంది.

"టీచరమ్మ గూడ ఇన్నది మేడం" అన్నాడు ఎల్లేష్.

పద్మలత జాస్మిన్‌ను పిలిపించి అడిగింది.

"నాకు యాదికి లేదు మేడం" అంది జాస్మిన్.

టీచర్ నిజంగానే మరిచిపోయిందనుకుంది పూజ. గుర్తు చేద్దామని, "నిన్న మీరే చెప్పిండ్రు గదా టీచర్" అంది. జాస్మిన్ బల్ల మీది నుంచి చూపు ఎత్తలేదు. అప్పుడు తెలిసింది పూజకు.

ఎల్లేష్, తానే తప్పు విన్నానేమోనని మేడంకు చెప్పి, బిడ్డ చెయ్యి పట్టుకుని వరండాలోకి తెచ్చాడు.

"ఆమెకు గూడ కొలువు గావాలె గదా బిడ్డా."

"మరి నిన్నెందుకు తోల్కరమ్మన్నది బాపు?"

ఎల్లేష్ బిడ్డను క్లాసు దాకా దిగబెట్టి, ఆటో తీసుకుని బేరానికి పోయాడు.

ఆ వారమే ఎవరినో బతిమాలి అప్పు తెచ్చి ఫీజు కట్టాడు. పూజను మళ్లీ ఎవరూ పక్కన నిలబెట్టలేదు. జాస్మిన్ టీచర్ రెండుసార్లు పలకరించబోయింది. పూజ మర్యాదగా నమస్తే పెట్టి, నడక ఆపకుండా వెళ్లిపోయింది.