గుమ్మంలో చెప్పని మాట

"ఇక కలరా మీ ఇంటికి రాదు తల్లీ!" నేరుగా పొయ్యిదాకా వచ్చి, ఓ కొత్తమనిషి ఊనా చేతిలో ఎండిన బురదగడ్డను కాల్చగా మిగిలిన, ఆరిపోయిన పీట్ బొగ్గు పెట్టాడు. "ఫాదర్ దీవించిన బొగ్గు. ముక్కలు చేసి ఏడిళ్లకు పంచు. చీకటి పడేలోగా పంచావా, నీ మొగుడికి ఢోకా లేదు."

అది 1832 జూన్. దగ్గర్లోని కోర్క్ పట్నంలో శవాలను బండ్లమీద తోలుతున్నారు. పెళ్లై నెలైనా కాని ఊనాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. పొద్దున మొగుడు కొలుమ్ జడలో గుచ్చిన పసుపుపూలు రాలిపోతున్నా చూసుకోకుండా, ఇంటింటికీ పరుగెత్తింది. తలుపు తోయడం, ముక్క చేతిలో పెట్టడం, మళ్లీ పరుగు.

ఏడో ఇల్లు ముసలి గొబ్నిత్‌ది. ఆమె చెయ్యి చాచలేదు.

"ఏమే కొత్తపెళ్లికూతురా, మొగుడి మురిపెంలో మర్యాదే మర్చిపోయావా? లోపలికొస్తూ 'ఈ ఇంటివాళ్లను దేవుడు చల్లగా చూడాలి' అనక్కర్లా?"

"తొందరలో మర్చిపోయా అవ్వా."

"మిగతా ఇళ్లలో?"

ఊనా తల అడ్డంగా ఊపింది.

"మరి నీకు ఇచ్చినవాడు అన్నాడా?"

ఎంత గుర్తుచేసుకున్నా అతను ఆ మాట అన్నట్టు లేదు.

"మనుషులెవరైనా అంటారే," ముసలామె గొంతు తగ్గించింది. "దేవుడి పేరు నోట పలకలేనివాళ్లే అనరు."

ఊనా అరచేతిలో ఆరిన బొగ్గు మెల్లగా వెచ్చబడుతోంది. "మరి మా కొలుమ్?" అంది ఏడుపుగొంతుతో.

"ఆ ముక్క వాగులో పారేసి ఇంటికెళ్లు. రాత్రంతా వాణ్ణి బయటికి పోనివ్వకు. రేపు తెల్లారగానే ఇద్దరం ఆ ఆరిళ్లకూ వెళ్దాం. నువ్వు గుమ్మంలో ఆ మాట చెబుదువు, నేను ముక్కలు వెనక్కి తీసుకుంటా."