ఫోటో అక్క ఎడమ కన్ను

కంటి ఆసుపత్రిలో అందరూ ఆమెను ఫోటో అక్క అంటారు. చుక్కల మందు వేసి రోగుల కంటిపాప పెద్దదయ్యాక, వాళ్లను కెమెరా ముందు కూర్చోబెట్టి, కంటి లోపలి పొరకూ దాని మీది రక్తనాళాలకూ ఫోటో తీయడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని. సొంత కళ్ల సంగతి అడిగితే మాత్రం "అవి ముఖానికి అలంకారం" అనేది. మైనస్ పదహారు. అద్దాలు తీసి ఎక్కడైనా పెడితే, వాటిని వెతకడానికి ఇంకో జత కావాలి. సోడాబుడ్డి అని ఎవరైనా అనేలోగా తనే అనేసుకోవడం బళ్లో ఉన్నప్పుడే నేర్చుకుంది. ఆ సరదా ఎదుటివాళ్లకు మిగలనివ్వకూడదని పంతం.

ఒక రోజు పొద్దున గిన్నెలు తోముతుంటే సబ్బు నురగ ఎగిరి కుడి అద్దం మీద పడింది. చేతులు తడి. ఎడమ అద్దంలోంచే చూస్తూ పని కానిస్తుంటే, కుళాయి వెనక గోడ మీద టైల్స్ వరస నడుమ దగ్గర గుంటలోకి దిగినట్టు వంగి కనబడింది. ఆ టైల్స్ పది రోజుల కిందటే భర్త స్వయంగా వేశాడు. ఆయన టైల్స్ మేస్త్రి. పనిలో వంక పెట్టినవాళ్లు ఇంతవరకూ లేరు.

"ఏవండీ, అందరిళ్లల్లో తిన్నగా వేసి మనింట్లో వంకరగా వేశారేం?"

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి వచ్చాడు. దారం పట్టి చూశాడు. రసమట్టం తెచ్చి వరస మీద ఆనించాడు. బుడగ సరిగ్గా నడుమ నిలబడింది.

"చూశావా? కదిలిందా?"

"మీ రసమట్టమే పాడైపోయుంటుంది."

అంతకన్నా పెద్ద తిట్టు ఆయన జన్మలో వినలేదు. సాయంత్రం తోటి మేస్త్రిని అడిగి ఇంకో రసమట్టం తెచ్చాడు. అందులోనూ బుడగ నడుమే నిలిచింది. ఫోటో అక్క అద్దాలు తుడుచుకుని, కుడి కన్ను మూసి, గురి చూసే సిపాయిలా నిలబడి, "అదుగో, అక్కడే" అని వేలు పెట్టి చూపించింది. మర్నాడు ఆయన నోరెత్తకుండా నాలుగు టైల్స్ పీకి, గోడ గీకి, మళ్లీ వేశాడు. ఆరాక ఆమె చూసింది. గుంట ఉన్నచోటే ఉంది. ఆ మాట చెప్పేసింది కూడా. ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. ఆమె చెల్లెలికి ఫోన్ చేసి, "మీ బావకి చేతిలో పనితనం తగ్గిందే, పాపం, వయసు" అని జాలిపడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫోటో అక్క బల్ల సొరుగులో ఒక గళ్ల కార్డు ఉంటుంది. రోజుకు ముప్పై మందికి దాన్ని ఇచ్చి, "ఒక కన్ను మూసుకుని చూడండి, గీతలు తిన్నగా ఉన్నాయా, వంగాయా?" అని అడుగుతుంది. వంగాయన్న వాళ్లను ఆ క్షణమే డాక్టరమ్మ గదికి తరుముతుంది. అలాంటి మనిషి, సొంతింట్లో గీత వంగితే గోడను అనుమానించింది, రసమట్టాన్ని అనుమానించింది, కట్టుకున్నవాణ్ణి అనుమానించింది. కన్ను మాత్రం గుర్తుకే రాలేదు.

ఆ వారమే ఆసుపత్రికి కొత్త కెమెరా వచ్చింది. బిగించిన ఇంజనీరు, సరిచూసుకోవడానికి ఎవరిదైనా ఒక కన్ను కావాలన్నాడు. పదిహేనేళ్ల కిందట పాత కెమెరా వచ్చినప్పుడు మొదటి ఫోటో ఆమె ఎడమ కంటిదే. ఈసారీ ఆ గౌరవం ఇంకొకరికి వదిలే ఉద్దేశం ఆమెకు లేదు. చుక్కలు వేయించుకుని కూర్చుంది.

తెర మీద బొమ్మ పడింది. "లెన్సు మీద మరకుంది" అంది. ఇంజనీరు తుడిచి మళ్లీ తీశాడు. మరక పోలేదు.

"కొత్తది అడిగితే వాడేసింది అంటగట్టారేంటి?"

ఇంజనీరు పాపం తన కన్నే పెట్టి తీయించుకున్నాడు. పండిన నారింజలా శుభ్రంగా వచ్చింది. ఎవరో వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చారు.

ఆవిడ చాలాసేపు తెర చూసి, పాత ఫోటో ఉందా అని అడిగింది. ఉంది. ఫోటో అక్క దాన్ని తన బీరువా తలుపు లోపల ముచ్చటగా అతికించుకుంది. ఊడదీసి తెచ్చి తెర పక్కన పెట్టారు. పాతదానిలో రక్తనాళాలు వాగుల్లా మెలికలు తిరుగుతున్నాయి. కొత్తదానిలో అవే నాళాలు సన్నబడి, లాగి కట్టిన దారాల్లా బిగుసుకుపోయాయి. చిన్న చిన్న కొమ్మలు కొన్ని కనబడనే లేదు. అడుగు పొర వెలిసి, అక్కడక్కడ తెల్లబారింది. సరిగ్గా చూపు నిలిచే చోట బూడిద రంగు మచ్చ, దాని అంచున కాస్త నెత్తురు.

"ఇన్నేళ్లు ఈ ఫోటోలు తీసినదానివి, నీకు నేను చెప్పాలా?" అంది డాక్టరమ్మ.

"చెప్పండి. నాకు పక్కవాళ్ల కళ్లే అర్థమవుతాయి."

"నీ కనుగుడ్డు మామూలు కన్నా పొడుగు. ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. దాంతో పాటే పొర సాగింది, నాళాలు సాగి సన్నబడ్డాయి. అడుగు పొరకి నెత్తురు తగ్గింది. పొర చిట్లిన చోట కొత్త నాళాలు పుట్టుకొచ్చాయి. అవి నాసిరకం, కారిపోతున్నాయి. అదీ ఆ మరక."

"పదేళ్లుగా అద్దాల షాపులో నా నంబరు మారలేదుగా!"

"నంబరు ఆగినంత మాత్రాన కన్ను బాగున్నట్టు కాదని నా రోగులకి చెప్పేది నువ్వే కదమ్మా. ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నావు?"

ఫోటో అక్క బల్ల మీది పాత ఫోటో వైపు చూపించింది. డాక్టరమ్మ సొరుగు లాగి గళ్ల కార్డు ఆమె చేతికిచ్చింది. ఫోటో అక్క కుడి కన్ను మూసుకుంది. నడి గళ్లు గుంటలోకి దిగాయి. ముందు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే కార్డు బల్ల మీద బోర్లించేసింది.

ఆ కారడం ఆపడానికి మర్నాడే కంట్లో ఇంజెక్షన్. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే" అని పద్దెనిమిదేళ్లుగా అందరికీ చెప్పింది ఆమే. ఇప్పుడు నర్సు చెయ్యి నలిపేస్తూ, "అమ్మో, అయ్యో" అని వార్డంతా వినబడేలా అరిచింది.

"అక్కా, ఇంకా సూది పెట్టలేదు. దూదితో తుడుస్తున్నాను" అంది నర్సు.

కంటికి పట్టీతో ఇంటికి వచ్చేసరికి మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పి, "గోడ తిన్నగానే ఉందండీ. వంకర నాలో ఉంది" అంది.

ఆయన వంటింటి వైపు చూశాడు. "నాలుగు టైల్స్ పీకించావు కదే" అన్నాడు. తర్వాత ఆమె చేతిలోని సంచీ అందుకుని అడిగాడు. "చూపు వస్తుందా?"

"కొంత."

కొంతే వచ్చింది. మూడు ఇంజెక్షన్ల తర్వాత నెత్తురు కారడం ఆగింది, గుంట పూడి చిన్న నొక్కులా మిగిలింది. సన్నబడ్డ నాళాలు మళ్లీ లావెక్కవని, ఇకమీదట ఈ కన్నును కాపలా కాయడమేనని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది. ఫోటో అక్క ఇప్పుడు చెప్పిన తేదీకి చెప్పినట్టు వెళ్లి కెమెరా ముందు కూర్చుంటోంది. రెప్ప కొట్టి రెండుసార్లు తిట్లు కూడా తింది.

బడికి సెలవులివ్వగానే పన్నెండేళ్ల కూతురిని రెక్క పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. పిల్లకు అప్పుడే మైనస్ అయిదు.

"నాకు బాగానే కనిపిస్తోంది కదమ్మా" అని గునిసింది పిల్ల.

"నాకూ అలాగే కనిపించేది. కూర్చో" అంది ఫోటో అక్క, కెమెరా వెలిగిస్తూ.